రేడియోలో క్వార్టెట్ కచేరీ: నాలుగు వాద్యాలూ విడివిడిగా వినపడాలంటే ఏం చేయాలి?

కొత్తశ్రోత

అందరికీ నమస్కారం. కొంతకాలంగా రేడియోలో పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలు వింటున్నాను. సింఫనీ అయితే ఇబ్బంది లేదు, ఇత్తడి వాద్యాలు లేచినప్పుడు లేస్తాయి, డ్రమ్స్ మోగినప్పుడు మోగుతాయి, ఎక్కడున్నామో తెలుస్తూనే ఉంటుంది. చిక్కంతా కొద్దిమందే కలిసి వాయించే ఛేంబర్ మ్యూజిక్ దగ్గరే. పియానో ఉంటే పర్వాలేదు గానీ, రెండు వయొలిన్లు, ఒక వయోలా (వయొలిన్ కంటే కాస్త కింది శ్రుతి), ఒక చెల్లో (ఇంకా కింది శ్రుతి) కలిసి, అంటే క్వార్టెట్, మొదలుపెట్టాయంటే పది నిమిషాల్లో అన్నీ కలిసిపోయి ఒకే శబ్దంలా వినిపిస్తాయి, ఎవరు ఏం వాయిస్తున్నారో అందదు.

అయినా వదలబుద్ధి కావడం లేదు. అంత తక్కువ మందితో అంత దగ్గరగా వినిపించే సంగీతం ఇంకోటి లేదనిపిస్తుంది. దీనికి మంచి స్పీకర్లు కొనాలా, థియరీ నేర్చుకోవాలా, లేక వింటూ వింటూ ఉంటే అదే వస్తుందా? ఇంకో మాట, ప్రతి క్వార్టెట్‌కీ గొప్ప గొప్ప రికార్డింగులు ఉండగా టైమ్ చూసుకుని రేడియో పెట్టడం ఎందుకని నా ఫ్రెండ్ అడిగాడు. సరైన జవాబు చెప్పలేకపోయాను. మీరేమంటారు?

మధ్యతరంగం

స్పీకర్లు తర్వాత, ముందు చెల్లోని పట్టుకోండి.

చెల్లో అట్టడుగు తీగ సుమారు 65 హెర్ట్జ్. వయోలా అడుగు తీగ దానికి రెట్టింపు, 130. వయొలిన్ అడుగు తీగ 196. ఫోన్ స్పీకర్ గానీ చిన్న ట్రాన్సిస్టర్ గానీ ఆ 65ని సరిగ్గా పలికించలేదు. అయినా చెల్లో వినిపిస్తుంది! ఎందుకంటే తీగ మోగినప్పుడు అసలు స్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్ల కంపనాలు కూడా పుడతాయి, చెవి ఆ పైవాటిని విని కింద ఉండాల్సిన స్వరాన్ని తనే నింపుకుంటుంది. అందుకే చిన్న సెట్‌లో కూడా క్వార్టెట్ పూర్తిగా చచ్చిపోదు. ఆర్కెస్ట్రాకి చిన్న సెట్ చేసే అన్యాయంతో పోలిస్తే క్వార్టెట్‌కి చేసేది చాలా తక్కువ, ఇది నా గట్టి నమ్మకం.

అసలు పోయేది పై వైపు. మీడియం వేవ్‌లో చాలా దేశాల్లో ఒక స్టేషన్‌కీ పక్క స్టేషన్‌కీ మధ్య 9 కిలోహెర్ట్జ్ ఎడమే ఉంటుంది, అందులో శబ్దానికి దక్కేది దాదాపు సగం. ఎఫ్ఎం అయితే 15 కిలోహెర్ట్జ్ దాకా మోస్తుంది. కమాను తీగ మీద పడేటప్పుడు వచ్చే ఆ గరగర, ఆ గాలి, వయొలిన్‌నీ వయోలానీ వేరు చేసే రంగు చాలావరకు ఆ పై భాగంలోనే ఉంటాయి. కాబట్టి ఎఫ్ఎం గానీ మంచి స్ట్రీమ్ గానీ వినండి. ఫోన్‌లో బాస్ బూస్ట్, ఆటో వాల్యూమ్ లాంటివి ఉంటే అన్నీ ఆపేయండి, ఖర్చు లేని పని ఇదే.

ఇక వినేటప్పుడు పై రాగాన్ని వదిలేసి ఒక మూవ్‌మెంట్ (రచనలో ఒక భాగం) మొత్తం చెల్లో వెంటే వెళ్లండి. ఫస్ట్ వయొలిన్ ఎలాగూ మీ చెవిలో పడుతుంది, దానికి మీ సాయం అక్కర్లేదు.

నాలుగుతీగలు

మధ్యతరంగం గారి మాట సగం ఒప్పుకుంటాను. చెల్లో వెంట వెళ్లడం మంచిదే కానీ కొత్తవాళ్లు ఒకే జాతి తీగ వాద్యాలతో మొదలుపెట్టడం ఎందుకు? వేరే రంగు ఉన్న వాద్యం ఒకటి మధ్యలో ఉంటే మిగతావి వాటంతట అవే విడిపోతాయి. క్లారినెట్ అనే ఊదే వాద్యంతో కలిపి ఐదు వాద్యాలకి మోజార్ట్ రాసిన క్లారినెట్ క్వింటెట్ (కె 581, 1789; కె అంటే మోజార్ట్ రచనల జాబితాలో సంఖ్య) తో మొదలుపెట్టండి. స్నేహితుడు ఆంటన్ స్టాడ్లర్ కోసం రాసింది అది. క్లారినెట్ ఆగినప్పుడు నాలుగు తీగ వాద్యాలు ఏం చేస్తున్నాయో, అది తిరిగి వచ్చేసరికి ఎవరు జరిగి చోటిస్తున్నారో వినండి. బ్రామ్స్ కూడా 1891లో క్లారినెట్‌కి ఒక క్వింటెట్ రాశాడు, రిచర్డ్ ముల్ఫెల్డ్ వాయించడం విని. రెండూ రేడియోలో తరచూ వచ్చేవే.

ఆ తర్వాత షూబర్ట్ ట్రౌట్ క్వింటెట్ (1819). అందులో మామూలుగా ఉండే రెండో వయొలిన్ లేదు, దాని బదులు డబుల్ బాస్ ఉంది. కింది భాగం డబుల్ బాస్ చూసుకుంటుంది కాబట్టి చెల్లోకి పైకి వచ్చి పాడే తీరిక దొరికింది. ఈ తేడా ఒక్కసారి చెవికి అందిందా, ఇక ఏ రచనలోనైనా చెల్లో ఎప్పుడు ఆధారంగా ఉందో ఎప్పుడు పాడుతుందో మీకే తెలుస్తుంది.

థియరీ అక్కర్లేదు. పరీక్ష రాయబోవడం లేదు కదా.

సుధాతంత్రి

నేను వయోలా నేర్చుకుంటున్నాను, కాబట్టి నా పక్షపాతం ముందే తెలిసిపోతుంది :)

కొత్తశ్రోత గారూ, మీ ప్రశ్నకి మోజార్టే జవాబు రాసి పెట్టాడు. కె 465, 1785 నాటిది, డిసొనెన్స్ క్వార్టెట్ అంటారు. మొదలు చూడండి: ముందు చెల్లో ఒక్కటే ఒకే స్వరాన్ని మెల్లగా తడుతూ ఉంటుంది. దాని మీదకి వయోలా వస్తుంది. తర్వాత సెకండ్ వయొలిన్. చివరగా ఫస్ట్ వయొలిన్, అది వచ్చిన స్వరం ముందున్న వయోలా స్వరంతో గట్టిగా ఒరుసుకుంటుంది, ఒక్కసారి ఒళ్లు జలదరిస్తుంది. నలుగురూ ఒక్కొక్కరుగా గదిలోకి అడుగుపెట్టి తమ గొంతు వినిపించినట్టు ఉంటుంది. ఆ కాసేపూ పదే పదే వినండి, నాలుగు గొంతులూ గుర్తుండిపోతాయి.

వయోలాని గుర్తుపట్టాలంటే అది ఒంటరిగా, లేదా ముందు నిలబడి మొదలుపెట్టే రచనలు వెతకండి. బార్టోక్ ఆరో క్వార్టెట్ (1939) ఒంటరి వయోలాతోనే మొదలవుతుంది. డ్వోర్జాక్ అమెరికన్ క్వార్టెట్ (1893) లో మొదటి రాగం వయోలాదే. స్మెతానా క్వార్టెట్ "నా జీవితం నుంచి" (1876) లో కూడా మొదట గొంతెత్తేది వయోలానే. దాని చివరి మూవ్‌మెంట్‌లో హుషారుగా సాగుతున్న సంగీతం ఠక్కున ఆగి, ఫస్ట్ వయొలిన్ చాలా పైన ఒక స్వరాన్ని సన్నగా పట్టుకుని నిలుపుతుంది. స్మెతానాకి చెవుడు వచ్చేముందు చెవిలో మోగిన శబ్దం అది, ఆయనే సంగీతంలో పెట్టాడు. రేడియోలో మొదటిసారి వింటే స్టేషన్‌లో ఏదో లోపం అనుకుని డయల్ తిప్పేస్తారేమో, దయచేసి తిప్పకండి.

కొత్తశ్రోత

సుధాతంత్రి గారూ, కె 465 మొదలు విన్నాను. చెల్లో, వయోలా స్పష్టంగా దొరికాయి. ఫస్ట్ వయొలిన్ వచ్చిన చోటు నిజంగా ఒళ్లు జలదరించేలా ఉంది, 1785లో అలా రాయగలిగాడా! వేగం అందుకున్నాక సెకండ్ వయొలిన్ మళ్లీ తప్పిపోయింది కానీ ఇదివరకటిలా మొత్తం ముద్దగా లేదు. చాలా థాంక్స్ అండీ.

రెండో ప్రశ్న ఇంకా అలాగే ఉంది. రికార్డింగ్ చాలదా?

శ్రుతిపేటిక

రికార్డింగ్ గొప్పదే, నా దగ్గరా చాలా ఉన్నాయి. కానీ రికార్డింగ్‌ని ఎప్పుడైనా ఆపవచ్చు అన్న సంగతి వినేవాడి ఒంట్లో ఉంటుంది. ఫోన్ వస్తే ఆపుతాం, విసుగొస్తే ముందుకు జరుపుతాం. లైవ్‌లో ఆ వీలు లేదు. బీథోవెన్ క్వార్టెట్ ఆపస్ 131 (ఆపస్ అంటే రచనకి ఇచ్చే సంఖ్య) తీసుకోండి, ఏడు మూవ్‌మెంట్లు, మధ్యలో ఎక్కడా ఆగకూడదని ఆయనే కోరుకున్నాడు, సుమారు 40 నిమిషాలు. వాయించేవాళ్లకి తీగలు శ్రుతి తప్పుతున్నా సరిచేసుకునే తీరిక ఉండదు, అలాగే లాక్కుని పోవాలి. ఆ ఒత్తిడి లైవ్ రిలేలో మన దాకా వస్తుంది. స్టూడియో రికార్డింగ్‌లో అదే రచనని ముక్కలుగా పట్టి, బాగున్నవి కలిపి అతికిస్తారు. తప్పులు ఉండవు, నిజమే. ప్రమాదం కూడా ఉండదు.

లండన్‌లో విగ్మోర్ హాల్ ఉంది, 1901లో కట్టింది, 550 సీట్ల చిన్న హాలు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి అక్కడి కచేరీని బీబీసీ రేడియో 3 చాలా ఏళ్లుగా లైవ్‌లో ఇస్తోంది. గంట సేపు. వేరే దేశంలో ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, అక్కడ వేసవి గడియారం మారినప్పుడల్లా మన టైమ్ ఒక గంట జరుగుతుంది. సీట్లు 550, వినేవాళ్లు ఎన్నో దేశాల్లో. 2020 జూన్‌లో కరోనా వల్ల హాల్లో శ్రోతలెవరూ లేకుండానే అక్కడి కచేరీలు ప్రసారం చేశారు. జూన్ 1న స్టీఫెన్ హఫ్ పియానోతో మొదలైంది. అది ఒక్కరి కచేరీ, ఛేంబర్ కాదు, ఆ తర్వాతి రోజుల్లో ఇద్దరేసి కళాకారులు కూడా వచ్చారు. చివరి స్వరం అయిపోయాక చప్పట్లు లేవు, అనౌన్సర్ గొంతు ఒక్కటే. వింటున్న మేమే ఆ రోజు హాల్ నిండా ఉన్న శ్రోతలం అనిపించింది. మీ ఫ్రెండ్‌కి ఈ ముక్క చెప్పండి.

రాత్రిశ్రోత

ఇంత పొగడ్త మధ్యలో ఒక ఫిర్యాదు కూడా పెట్టనివ్వండి. నేను వినే ఒక స్టేషన్‌లో క్వార్టెట్ చివరి మూవ్‌మెంట్ నడుస్తుండగా వార్తల టైమ్ అయిందని శబ్దం మెల్లగా తగ్గించి కోసేస్తారు. ఒక్కసారి కాదు, పదే పదే. ముప్పై నిమిషాలు కూర్చుని విన్నవాడికి అది ఎంత బాధో వాళ్లకి తెలియదా? ఇంకొకటి, చివరి స్వరం గాల్లో ఉండగానే అనౌన్సర్ మాట మొదలవుతుంది. రెండు సెకన్లు ఆగితే ఏం పోతుంది?

దగ్గులు, కుర్చీల కిర్రుమనడం నాకు ఇబ్బంది కాదు, మనుషులున్న చోట అవి ఉంటాయి.

మధ్యతరంగం

రాత్రిశ్రోత గారూ, మీ బాధ చాలా పాతది. 1946 సెప్టెంబర్ 29న బీబీసీ థర్డ్ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి ఇదే: గడియారం కోసం, వార్తల కోసం రచనని మధ్యలో కోయకూడదు, అది ఎంతసేపు పడితే అంతసేపు పట్టనివ్వాలి. సాయంత్రాలే ఉండేది ఆ ప్రసారం. 1967లో రేడియో 3 వచ్చాక అదే దారి దానికి దక్కింది. కోసేయడం సాంకేతిక అవసరం కాదు, స్టేషన్ పెట్టుకున్న పద్ధతి. మర్యాదగా ఉత్తరం రాయండి, ఏ రచన, ఏ మూవ్‌మెంట్, ఏ నిమిషం దగ్గర తెగిందో రాయండి. ఊరికే తిట్టే ఉత్తరాల కంటే వాటికి విలువ ఎక్కువ.

నిశ్శబ్దం సంగతి మాత్రం కొంచెం వేరు. చాలా స్టేషన్లలో సైలెన్స్ డిటెక్టర్ ఉంటుంది, శబ్దం కాసేపు ఆగిపోతే ప్రసారం తెగిందనుకుని అలారం కొడుతుంది, కొన్నిచోట్ల దానంతట అదే వేరే ఏదో వినిపించడం మొదలుపెడుతుంది. శాస్త్రీయ సంగీతం వేసే చోట దాన్ని బాగా ఓపికగా సెట్ చేయాలి. హైడన్ ఆపస్ 33లో రెండో క్వార్టెట్ (1781) చివర గుర్తుందా? అయిపోయినట్టు ఆగుతుంది, మళ్లీ ఒక ముక్క, మళ్లీ ఆగడం, చివర్లో ఇంకా పొడుగు విరామం, ఆపైన మొదటి ముక్క ఇంకోసారి వచ్చి అక్కడితో నిజంగానే అయిపోతుంది. హాల్లో ఉన్నవాళ్లకి కమానులు ఇంకా పైకే ఉన్నాయని కనిపిస్తుంది. రేడియోలో ఆ ఆధారం లేదు, ఆగిందా ఇంకా ఉందా అన్నది చెవితోనే తేల్చుకోవాలి. హైడన్ వేసిన చిక్కు పూర్తి బలంతో తగిలేది రేడియో శ్రోతకే అని నా అభిప్రాయం.

ఇంకో చిన్న సంగతి. కొన్ని స్టేషన్లు కార్లలో వినేవాళ్ల కోసం మెల్లని భాగాలని పెంచి, గట్టి భాగాలని తగ్గించి పంపుతాయి. దానివల్ల క్వార్టెట్‌కి నష్టం ఎక్కువ. నలుగురూ కలిసి గుసగుసలా వాయించడం, వెంటనే నలుగురూ విరుచుకుపడడం, ఈ రెండింటి మధ్య దూరమే కదా ఆ సంగీతం బతుకు. ఒకే రచన రెండు స్టేషన్లలో విని చూడండి, తేడా తెలుస్తుంది.

సుధాతంత్రి

మీరెవరూ చెప్పని ఒక శబ్దం ఉంది. ఊపిరి!

క్వార్టెట్‌కి కండక్టర్ ఉండడు. మొదలుపెట్టేటప్పుడు చాలాసార్లు ఫస్ట్ వయొలిన్ వాయించేవారు ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తారు, అదే మిగతా ముగ్గురికీ సైగ. ఆ పీల్చడం ఎంత వేగంగా ఉంటే రాబోయే లయ అంత వేగం. మైకులు దగ్గరగా పెట్టిన ప్రసారంలో ఇది బాగా వినిపిస్తుంది, హాల్లో వెనక వరసలో కూర్చున్నా వినపడదు. మూవ్‌మెంట్ మొదలయ్యే ముందు ఆ ఊపిరి కోసం చెవి పెట్టండి, లయ ఎంత ఉండబోతోందో మొదటి స్వరానికి ముందే మీకు అందుతుంది. మధ్యలో కూడా, ఆగి మళ్లీ అందుకునే చోట్ల, సైగ ఇచ్చేది ఒక్కోసారి చెల్లో అయి ఉంటుంది. కొంతమంది ఇది చిరాకు అంటారు. నాకు మాత్రం నలుగురు మనుషులు ఒకరినొకరు పట్టుకుని నడుస్తున్నారని చెప్పేది ఆ ఊపిరే.

సెకండ్ వయొలిన్ తప్పిపోతోందన్నారు కదా. స్టీరియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మామూలుగా ఎడమ చివర ఫస్ట్ వయొలిన్, దాని పక్కన సెకండ్. కుడి చివర చెల్లో గానీ వయోలా గానీ, ఇది బృందాన్ని బట్టి మారుతుంది. కొందరు రెండు వయొలిన్లనీ ఎదురెదురుగా కూర్చోబెడతారు, అలాంటి ప్రసారం దొరికితే వదలకండి, సెకండ్ వయొలిన్ పని ఎంతో అప్పుడు తెలుస్తుంది.

నాలుగుతీగలు

ఊపిరి గురించి బాగా చెప్పారు సుధగారూ.

రికార్డింగ్ చాలదా అన్న ప్రశ్నకి నాది ఇంకో జవాబు. వినడం సంగతి అలా ఉంచి, వాయించేవాళ్ల వైపు నుంచి చూడండి. చిన్న బృందాలకి పెద్ద హాళ్లు దొరకవు, పేరు రాక ముందు రికార్డింగ్ కంపెనీలు పిలవవు. రేడియో పిలుస్తుంది. జర్మనీ రేడియో సంస్థలు కలిసి మ్యూనిక్‌లో 1952 నుంచి ఏఆర్‌డీ పోటీ నడుపుతున్నాయి, అందులో స్ట్రింగ్ క్వార్టెట్, పియానో ట్రియో లాంటి విభాగాలు వంతులవారీగా వస్తాయి. బీబీసీ 1999లో న్యూ జనరేషన్ ఆర్టిస్ట్స్ అని మొదలుపెట్టి యువ కళాకారులకి, యువ క్వార్టెట్లకి ప్రసార కచేరీలు ఇస్తోంది. షికాగోలో మైరా హెస్ పేరు మీద 1977 నుంచి బుధవారం మధ్యాహ్నం ఉచిత కచేరీలు జరుగుతున్నాయి, డబ్ల్యూఎఫ్ఎంటీ రేడియో వాటిని ప్రసారం చేస్తోంది. ఆవిడ రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ నేషనల్ గ్యాలరీలో, బొమ్మలన్నీ భద్రంగా వేరేచోటికి తరలించి గోడలు ఖాళీగా ఉన్నప్పుడు, 1939 నుంచి 1946 దాకా మధ్యాహ్నం కచేరీలు నడిపిన పియానిస్ట్. బాంబులు పడుతుంటే కింది అంతస్తుకి మారి మరీ నడిపారు.

మనం రేడియో పెట్టినప్పుడు ఇంకా పేరు రాని బృందం కూడా మన ముందుకు వస్తుంది. రికార్డింగ్ వెతుక్కునేటప్పుడు మనకి ముందే తెలిసిన పేర్లే వెతుక్కుంటాం. నా అభిమాన బృందాల్లో చాలావాటిని మొదట పేరు కూడా తెలియకుండా రేడియోలోనే విన్నాను.

శ్రుతిపేటిక

రేడియో, చెల్లో అంటే 1924 మే 19 ప్రసారం చెప్పకుండా ఎలా! బియాట్రిస్ హారిసన్ అనే చెల్లో విద్వాంసురాలు ఇంగ్లండ్‌లో తన తోటలో రాత్రిపూట చెల్లో వాయిస్తుంటే నైటింగేల్ పిట్ట పాడిందని, దాన్ని బీబీసీ లైవ్‌లో ప్రసారం చేసింది. ఆ రోజుల్లో మైకు స్టూడియో దాటి ఓ తోటలోకి వెళ్లడమే గొప్ప. ఆ రాత్రి పాడింది నిజం పిట్టా, పిట్టలా ఈల వేయగల మనిషా అన్న అనుమానం ఈమధ్య బయటికి వచ్చింది. ఏదైనా చెల్లో మాత్రం నిజం, జనం ఆ ప్రసారాన్ని ప్రేమించడం నిజం, తర్వాతి ఏళ్లలో కూడా ఆ తోట నుంచి ప్రసారాలు జరిగాయి.

కొత్తశ్రోత

ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు, అందరికీ థాంక్స్. హెడ్‌ఫోన్స్‌తో విన్నాను, సెకండ్ వయొలిన్ కొంతవరకు దొరికింది. ఊపిరి కూడా వినిపించింది సుధాతంత్రి గారూ, ఇక వినకుండా ఉండలేను!

షోస్టకోవిచ్ ఎనిమిదో క్వార్టెట్ రేడియోలో రాబోతోందని చూశాను. ఎప్పుడూ వినలేదు. ముందు తెలుసుకోవాల్సింది ఏమైనా ఉందా, ఏమీ తెలియకుండా వినడం మంచిదా?

రాత్రిశ్రోత

ఏమీ తెలియకుండా వినండి. మొదటిసారి అనేది ఒక్కసారే వస్తుంది.

మధ్యతరంగం

రాత్రిశ్రోత గారితో ఒప్పుకోను. కొత్తవాళ్లు రేడియోలో వింటున్నారు, వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు, రెండు ఆధారాలైనా చేతిలో ఉండాలి. 1960లో మూడు రోజుల్లో రాసింది అది, సుమారు 20 నిమిషాలు, ఐదు మూవ్‌మెంట్లు ఆగకుండా సాగుతాయి. మొదట చెల్లో నాలుగు స్వరాలు వాయిస్తుంది, అవి షోస్టకోవిచ్ తన పేరులోని అక్షరాలతో కట్టుకున్నవి. మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి అవే అందుకుంటారు. ఆ నాలుగు స్వరాలు గుర్తుపెట్టుకుంటే చాలు, రచన మొత్తం అవి మీకు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. నాలుగో మూవ్‌మెంట్‌లో తలుపు బాదినట్టు మూడేసి దెబ్బలు వస్తాయి, అవి కూడా తప్పిపోవు.

మొదటి మూవ్‌మెంట్ చాలా మెల్లగా ఉందని వాల్యూమ్ పెంచకండి, ముఖ్యంగా హెడ్‌ఫోన్స్‌లో. రెండోది ఏ హెచ్చరికా లేకుండా నలుగురితో ఒకేసారి విరుచుకుపడుతుంది.